రంగం బొమ్మల్లో మనవాళ్లు ఎక్కడ?

ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల మిత్రులకు 'రంగం' అన్న మాట కొత్త కాదు. రంగం అంటే రంగూన్, బర్మా దేశపు పాత రాజధాని. 1989లో అక్కడి సైనిక ప్రభుత్వం దేశానికి మియన్మార్ అని, పట్నానికి యాంగాన్ అని పేర్లు మార్చింది. 2005లో రాజధానిని కూడా అక్కడి నుంచి నేపిడాకు తరలించడం మొదలుపెట్టింది. మన ముసలివాళ్ల నోట్లో మాత్రం అది ఎప్పటికీ రంగమే. తెలంగాణ, రాయలసీమ మిత్రుల కోసం ఒక్క ముక్కలో చెప్పాలంటే, ఈ రోజు మనకు గల్ఫ్ ఎలాగో ఆ రోజుల్లో తీరప్రాంతం తెలుగువాళ్లకు రంగం అలాగ. అప్పు తీరాలన్నా, చెల్లి పెళ్లి చేయాలన్నా కాకినాడలోనో విశాఖపట్నంలోనో ఓడ ఎక్కడమే.

ఈ వారం ఆ రంగూన్‌ను, ఆ పై దేశాన్ని తొలినాళ్లలో బొమ్మలుగా గీసినవాళ్ల సంగతి రాస్తున్నాను. బొమ్మల గోల మనకెందుకు అనుకోవద్దు. మనం ఉంటున్న గదుల్లో గోడ మీద వేలాడే కంపెనీ క్యాలెండర్ ఒకసారి చూడండి. ఇసుక దిబ్బలు, ఒంటె, వెనక అస్తమించే సూర్యుడు. పన్నెండు నెలలూ తిప్పినా ఆ ఇసుకలో రోడ్డు వేసిన మనిషి, పైపు పాతిన మనిషి కనపడడు. ఈ రకం బొమ్మకు రెండు వందల ఏళ్ల చరిత్ర ఉంది.

ఎడారి బొమ్మలకు యూరప్‌లో పేరు తెచ్చినవాళ్లలో డేవిడ్ రాబర్ట్స్ అనే స్కాట్లండ్ చిత్రకారుడు ముఖ్యుడు. 1838, 1839 సంవత్సరాల్లో ఈజిప్టు, సినాయి, పెట్రా, జెరూసలేం ప్రాంతాలు తిరిగి బోలెడన్ని బొమ్మలు గీసుకున్నాడు. తర్వాత అవి లండన్‌లో రాతి అచ్చు పద్ధతిలో పెద్ద పెద్ద పుస్తకాలుగా వచ్చాయి. ఆ బొమ్మల్లో మనుషులు లేకపోలేదు. స్తంభం పక్కన ఒకడు కూర్చుని ఉంటాడు, గుడి ముందు నలుగురు నిలబడి ఉంటారు. అయితే వాళ్లు ఎందుకున్నారు? స్తంభం ఎంత ఎత్తో చూసేవాడికి తెలియడానికి. మన సైట్‌లో ఫొటో తీసేటప్పుడు గుంత లోతు తెలియాలని పక్కన టేపో పారో పెడతారే, అచ్చం ఆ పనికే మనిషి అక్కడ పనికొచ్చాడు. పేరు అక్కర్లేదు, ముఖం అక్కర్లేదు.

ఇక బర్మా సంగతి. రంగూన్‌లో ఎడారి ఎక్కడిది, ఏడాదికి రెండున్నర మీటర్ల పైన వాన పడుతుందే అంటారు. నిజమే. కానీ ఐరావతి నది మీద ఓడలో పైకి వెళ్తే నేల మారిపోతుంది. పడమటి వైపున్న అరకాన్ కొండలు నైరుతి మేఘాలను ఆపేస్తాయి. అందుకని దేశం నడిమధ్య ముళ్లపొదలు, తాటిచెట్లు, ఎర్రటి దుమ్ము. అక్కడున్న బగన్‌లో పడే వాన రంగూన్ వానలో నాలుగో వంతు, మన అనంతపురం కన్నా కాస్త ఎక్కువ. ఆ ఎండిన మైదానంలోనే 11 నుంచి 13వ శతాబ్దం దాకా బగన్ రాజులు కట్టించిన గుళ్లు, స్తూపాలు వేల సంఖ్యలో ఉన్నాయి. పూర్తి ఎడారి కాకపోయినా, బొమ్మలు గీసేవాళ్ల కళ్లకు అది ఎడారి లాగే కనిపించింది: ఖాళీ నేల, పాత గోడలు, పెద్ద ఆకాశం.

అచ్చయిన తొలి బర్మా బొమ్మల వెనక ఒక భారతీయుడు ఉన్నాడంటే నమ్ముతారా? 1795లో ఈస్టిండియా కంపెనీ మైకేల్ సైమ్స్ అనే అధికారిని బర్మా రాజు దగ్గరికి రాయబారిగా పంపింది. వెంట సింగీ బే అనే బెంగాల్ చిత్రకారుడు వెళ్లాడు. 1800లో లండన్‌లో వెలువడిన సైమ్స్ పుస్తకంలోని బొమ్మల్లో చాలావాటికి మూలం అతని చేతిగీతే. జీతానికి వెళ్లి పరాయి దేశం బొమ్మలు గీసిన మనవాడు. అతని పేరు ఇవాళ మనదేశంలో ఎంతమందికి తెలుసు?

తర్వాత వచ్చింది యుద్ధం. 1824 మార్చిలో కంపెనీ ప్రభుత్వం బర్మా మీద యుద్ధం ప్రకటించింది. బెంగాల్, మద్రాసు నుంచి బయల్దేరిన ఓడలు అండమాన్ దీవుల్లోని పోర్ట్ కార్న్‌వాలిస్ దగ్గర కలుసుకుని, మే 11న రంగూన్‌లో సైన్యాన్ని దించాయి. దిగి చూస్తే ఊరు ఖాళీ. బర్మా అధికారుల ఆజ్ఞ మీద జనమంతా ఇళ్లు వదిలి అడవిలోకి వెళ్లిపోయారు. తినడానికి గింజ లేదు, బండి కట్టడానికి ఎద్దు లేదు, నెత్తిన వానాకాలం. 1826 ఫిబ్రవరిలో యండబో సంధితో యుద్ధం ముగిసేసరికి కంపెనీ పంపిన సుమారు నలభై వేల మందిలో పదిహేను వేల మంది దాకా చచ్చిపోయారు. తూటాలకంటే జ్వరాలకు, విరేచనాలకు పోయినవాళ్లే ఎక్కువ.

ఈ యుద్ధంలో మద్రాసు సైన్యం వంతు చాలా పెద్దది. బెంగాల్ సిపాయిలు చాలామంది సముద్రం దాటితే కులం పోతుందని ఒప్పుకునేవారు కాదు. బర్మా యుద్ధానికి వెళ్లమన్నప్పుడు బండ్ల ఖర్చు, భత్యం, సముద్రం భయం అన్నీ కలిసి 1824 నవంబర్‌లో కలకత్తా పక్కనున్న బారక్‌పూర్‌లో తిరుగుబాటు అయింది. వాళ్ల మీద ఫిరంగులు పేల్చారు. మద్రాసు సిపాయిలు మాత్రం ఓడ ఎక్కారు. మద్రాసు పటాలాల్లో తెలుగువాళ్లు చాలామందే ఉండేవారు. పాతకాలంలో తెల్లవాళ్లు సిపాయిని 'తెలింగా' అని కూడా పిలిచేవారంటే అందుకే.

ఆ దండులో జోసెఫ్ మూర్ అనే లెఫ్టినెంట్ ఉన్నాడు, 89వ పటాలం వాడు. యుద్ధం జరుగుతుండగానే కాగితం మీద బొమ్మలు గీశాడు. 1825, 1826 ప్రాంతాల్లో 'రంగూన్‌లోనూ దాని దగ్గరా తీసిన పద్దెనిమిది దృశ్యాలు' అన్న అర్థం వచ్చే పేరుతో లండన్‌లో అచ్చయ్యాయి. ఇవాళ ఫోన్‌లో వెతికినా కనిపిస్తాయి. ష్వెడగాన్ పగోడా, దాని మెట్ల దారి, పెద్ద చెట్లు, కంచెకోటల మీద దాడి. ముఖ్యంగా ఒక బొమ్మ గురించి చెప్పాలి. రంగూన్ తూర్పు రోడ్డు, పక్కనే ఒక చెరువు, ప్రశాంతంగా ఉంటుంది. దాని కింద రాసిన పేరులో, ఈ దృశ్యం 7వ మద్రాసు నేటివ్ ఇన్‌ఫాంట్రీ ముందు కాపలా ఉన్న చోటు నుంచి తీసింది అని ఉంది. అంటే ఆ చెరువును మనం చూస్తున్నది మన మద్రాసు సిపాయిలు కాపలా కాసిన చోట నిలబడి. వాళ్లు రోజూ చూసింది అదే చెరువు. ఎందరికో జ్వరం తగిలిందీ ఆ చుట్టుపక్కలే అయి ఉండాలి. నాకు ఈ బొమ్మ మిగతా పదిహేడింటికంటే గొప్పగా అనిపిస్తుంది. పటాలం నంబరైనా అచ్చులో ఉండిపోయింది.

1852 యుద్ధంలో దిగువ బర్మా అంతా ఇంగ్లీషువాళ్ల చేతికి వచ్చింది. 1855లో ఆర్థర్ ఫేర్ అనే అధికారి నాయకత్వంలో ఒక బృందం ఓడల మీద అమరపురలో ఉన్న మిండాన్ రాజు దగ్గరికి వెళ్లింది. ఈసారి బొమ్మల కోసం ఇద్దరిని తీసుకెళ్లారు. ఒకరు కోల్స్‌వర్దీ గ్రాంట్, కలకత్తాలో ఉండే చిత్రకారుడు, నీటిరంగులతో వందకు పైగా బొమ్మలు వేశాడు. (ఈయనే తర్వాత 1861లో కలకత్తాలో మూగజీవాల మీద క్రూరత్వాన్ని ఆపే సంఘం పెట్టాడు. బండెద్దుల గురించి మాట్లాడిన మంచి మనిషి. బండి తోలేవాళ్ల గురించి కూడా ఎవరైనా ఒక సంఘం పెట్టి ఉంటే బాగుండేది.) రెండో ఆయన లినేయస్ ట్రైప్, మద్రాసు సైన్యం అధికారి. ఈయన చేతిలో ఉన్నది కుంచె కాదు, కెమెరా.

ట్రైప్ ఫొటోలు బగన్, అమరపుర, రంగూన్‌లవి 120 దాకా బెంగుళూరులో అచ్చు తీయించారు. 2014, 2015లో వాషింగ్టన్, న్యూయార్క్, లండన్ మ్యూజియంలలో వాటికి పెద్ద ప్రదర్శన జరిగింది. చూడండి, ఎంత శుభ్రంగా ఉంటాయో. ఇటుక ఇటుకా లెక్కపెట్టుకోవచ్చు. కానీ వీధులు ఖాళీ, గుళ్ల ముంగిళ్లు ఖాళీ. ఏదో మాయరోగం వచ్చి ఊళ్లు పాడుబడ్డాయా అనిపిస్తుంది. అసలు కారణం వేరు. ట్రైప్ వాడింది మైనం పూసిన కాగితం నెగటివ్. దాని మీద బొమ్మ పడాలంటే కెమెరా మూత నిమిషాల తరబడి తీసి ఉంచాలి. అంతసేపు కదలకుండా నిలబడ్డది గోడ, చెట్టు మొదలు, రాతి సింహం. నడిచిపోయిన మనిషి మాత్రం కాగితం మీద పడడు. పనిలో ఉన్నవాడు కదలకుండా ఎలా ఉంటాడు? తట్ట మోసేవాడు, పడవ నడిపేవాడు, కావడి భుజాన వేసుకుని వెళ్లేవాడు, అందరూ ఆ కెమెరా ముందు నుంచే వెళ్లి ఉంటారు, వెళ్లిన గుర్తు మిగల్లేదు. ఖాళీగా కూర్చున్నవాడికే చరిత్రలో చోటు దొరికింది.

ఆకాశం సంగతి కూడా ఇంతే. ఆ కాగితం మీద మబ్బులు పడేవి కావు. అందుకని ట్రైప్ కొన్ని నెగటివ్‌ల మీద చేత్తో మబ్బులు గీసి పెట్టాడు. లేని మబ్బును గీశాడు గాని, ఉన్న మనిషిని గీయాలని తోచలేదు. ఆయనను తప్పు పట్టను. గుళ్లు, కోటలు ఎలా ఉన్నాయో చూపమని పంపారు, చూపించాడు.

ఇదే సమయంలో రంగూన్ కొత్తగా పుడుతోంది. 1852 యుద్ధం తర్వాత అలెగ్జాండర్ ఫ్రేజర్ అనే ఇంజనీరు చదరంగం బల్ల లాగ గళ్లుగళ్లుగా వీధుల ప్లాను వేశాడు. నది ఒడ్డున చిత్తడి నేల, దాన్ని మట్టి పోసి ఎత్తు చేశారు. 1869లో సూయెజ్ కాలువ తెరుచుకున్నాక బర్మా బియ్యానికి యూరప్ దారి దగ్గరైంది. మిల్లులు లేచాయి, రేవులు లేచాయి. పనికి మనుషులు కావాలి. కాకినాడ దగ్గర కోరంగి రేవు ఉండేది కదా, అక్కడి నుంచి వచ్చారు కాబట్టి మనవాళ్లకు రంగూన్‌లో 'కోరంగీ'లు అని పేరు పడింది. 1839 తుఫానులో ఆ రేవు దెబ్బతిని, తర్వాత కాకినాడ పైకి వచ్చినా పేరు మాత్రం పోలేదు. మేస్త్రీ ఊరికి వచ్చి అడ్వాన్సు ఇస్తాడు, ఓడ టికెట్టు పెడతాడు, తర్వాత కూలిలో కోసుకుంటాడు. ఈ మాట చదువుతుంటే మీకు ఇంకెవరో ఏజెంటు గుర్తుకొస్తే అది నా తప్పు కాదు.

1920లలో ఏటా మూడు లక్షలకు అటూ ఇటూగా మనదేశం వాళ్లు రంగూన్ రేవులో దిగేవారు, ఇంచుమించు అంతమందీ తిరిగొచ్చేవారు. 1931 జనాభా లెక్కల్లో రంగూన్ పట్నంలో నాలుగు లక్షల మంది ఉంటే సగానికి పైగా భారతీయులే. బర్మా మొత్తం మీద తెలుగువాళ్లు లక్షన్నరకు పైన. రిక్షా లాగినా, బస్తా మోసినా, పాయిఖానాలు ఎత్తినా మనదేశం వాళ్లే.

అలాంటి రంగూన్‌కు ఎడారి నుంచి ఒక చిత్రకారుడు వచ్చాడు. పేరు రాబర్ట్ టాల్బట్ కెల్లీ, పుట్టింది ఇంగ్లండ్‌లో, 1861లో. వయసులోనే ఈజిప్టు వెళ్లి అక్కడే ఏళ్ల తరబడి ఉన్నాడు. అరబ్బీ నేర్చుకున్నాడు, బదూ జనంతో ఎడారిలో తిరిగాడు. వేడికి గాలి వణకడం, మధ్యాహ్నపు ఇసుక తెల్లబడడం, సాయంత్రం ఊదారంగు నీడలు, ఇవన్నీ గీయడంలో చెయ్యి తిరిగినవాడు. 1902లో ఆయన ఈజిప్టు పుస్తకం వచ్చింది. 1905లో బర్మా పుస్తకం. కొత్తగా వచ్చిన మూడు రంగుల అచ్చు పద్ధతిలో 75 రంగుల బొమ్మలు. అప్పట్లో అది పెద్ద వింత. మనం ఉంటున్న ఎండనూ, మన తాతలు తడిసిన వాననూ ఒకే చేత్తో గీసిన మనిషి ఈయన.

మరి మన తాతల్ని గీశాడా? ఆ రోజుల్లో రంగూన్‌లో దిగిన తెల్ల యాత్రికులందరిదీ ఒకటే పాట. ఇది బర్మా పట్నమా, ఇండియా పట్నమా, బర్మావాళ్లెక్కడ అని. పగోడా చూసి, రెండు రోజులు ఉండి, 'అసలు బర్మా' చూడాలని ఐరావతి మీద స్టీమర్ ఎక్కి పైకి పోయేవారు. కెల్లీ దారి కూడా అదే: డెల్టా కాలువలు, టేకు అడవులు, ఏనుగులు, మండలే, బగన్. నదీ తీరాలు, పట్టుబట్టల ఆడవాళ్లు, పగోడాల బంగారం, ఇవే ఆయన కంటికి ఇంపయినవి. ఆయన దిగిన రేవులోనే బస్తాలు మోస్తున్న మనిషి కుంచెకు అందంగా తోచలేదు. ఒంటెను నడిపే బదూ ఆ ఎడారి బిడ్డ, కాబట్టి బొమ్మలో ఇమిడిపోతాడు. కోరంగి కూలీ ఆ నేల మనిషి కాదు, మధ్యలో వచ్చినవాడు. అతన్ని పెడితే బొమ్మ 'చెడిపోతుంది'. నా లెక్కలో చిత్రకారులు వలస మనిషిని వదిలేయడానికి ఇదే అసలు కారణం.

బర్మా చిత్రకారులు కూడా తర్వాత ఈ విద్య నేర్చుకున్నారు. డెల్టాలోని పంటనో ఊరివాడు బ న్యాన్ 1921లో లండన్ వెళ్లి చదువుకుని, తైలవర్ణాల్లో తన దేశపు నదులు, వీధులు గీసి గురువుగా నిలిచాడు. 1945లో పోయాడు. వాళ్ల దేశం దృశ్యాలు వాళ్ల చేతికి వచ్చాయి, అది న్యాయమే. మన వంతు మాత్రం ఎటూ రాలేదు.

మనవాళ్లు కనిపించేది బొమ్మల్లో కాదు, కాగితాల్లో. 1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు రోజుకు రూపాయిన్నర చాలదు, రెండు రూపాయలు కావాలని సమ్మె చేశారు. కంపెనీలు బర్మా కూలీలను పెట్టుకున్నాయి. రాజీ కుదరగానే వాళ్లను పొమ్మన్నాయి. మే 26న పేదవాడు పేదవాడి మీద పడ్డాడు. వందకు పైగా చచ్చిపోయారు, ఎక్కువమంది మనవాళ్లు. యజమానులకు ఒక గీత కూడా పడలేదు. 1941 డిసెంబర్ 23న జపాన్ బాంబులు పడ్డాయి, 1942 మార్చి 8న రంగూన్ జపాన్ చేతికి పోయింది. లక్షల మంది భారతీయులు అడవుల్లో, కొండల్లో నడిచి ఇంటిదారి పట్టారు. వేలాది మంది దారిలోనే రాలిపోయారు. 1960లలో జనరల్ నే విన్ ప్రభుత్వం దుకాణాలు, వ్యాపారాలు లాక్కున్నప్పుడు మిగిలినవాళ్లలో చాలామంది వచ్చేశారు. విశాఖపట్నంలో బర్మా క్యాంపు అని ఉందే, అది అలా వెలిసిందే. క్యాంపు అన్న మాట వాళ్లనూ వదల్లేదు.

మా ముత్తాత కూడా రంగం వెళ్లాడట. ఫొటో లేదు. నేను క్యాంపు ఆఫీసులో గుమస్తాని, చదివింది ఇంటరే. రోజూ నా బల్ల మీదికి వచ్చేవి మీ పాస్‌పోర్టు సైజు ఫొటోలు. వెనక తెల్ల గుడ్డ, చెవులు కనపడాలి, నవ్వకూడదు. ఆ ఫొటోలో మనిషి ఉంటాడు, చోటు ఉండదు. కంపెనీ క్యాలెండర్‌లో చోటు ఉంటుంది, మనిషి ఉండడు. రెండూ ఒకే ఆఫీసులో, ఒకే గోడకు అటూ ఇటూ. ఎప్పుడైనా సైట్‌లో తోటివాళ్లతో ఫొటో తీసుకుంటే వెనక పెన్సిల్‌తో ఊరు, పేరు, తేదీ రాసి ఇంటికి పంపండి. ఫోన్‌లో ఉన్నదాన్ని రెండు కాపీలు తీయించడానికి పెద్ద ఖర్చు కాదు.

బగన్ దగ్గర ఇంకో సంగతి మిగిలింది. ట్రైప్ ఫొటోల్లో మనుషులు లేకపోవడానికి కారణం కాగితం. 1990లో అక్కడి సైనిక ప్రభుత్వం పాత గోడల మధ్య తరాలుగా ఉంటున్న ఊరి జనాన్ని నిజంగానే లేపేసి, నది పక్కన కొన్ని కిలోమీటర్ల అవతల కొత్త బగన్ అని ఒక చోటు చూపించింది. యాత్రికులు చూసేది గుళ్లు, ఆకాశం, దుమ్ము, బెలూన్లు. 2019లో యునెస్కో జాబితాలో కూడా చేరింది. ఖాళీ చేసిన ఊళ్ల పిల్లలు గుళ్ల దగ్గర బొమ్మలు అమ్మడానికి వచ్చేవారు. ఆ బొమ్మలు ఇసుకతో చేసినవి. గుడ్డ మీద జిగురు పూసి, ఐరావతి ఒడ్డు ఇసుక చల్లి, ఆరబెట్టి, మళ్లీ పూసి, దాని మీద గీస్తారు. చుట్టి సూట్‌కేసులో పెట్టుకుపోవచ్చు, ఇసుక రాలదు. 2020లో కరోనా, 2021 ఫిబ్రవరిలో సైన్యం మళ్లీ అధికారం లాక్కోవడం, ఆ తర్వాత కొనేవాళ్లు కరువయ్యారు. మియన్మార్ కుర్రవాళ్లు లక్షల్లో థాయ్‌లాండ్ దారి పట్టారు, రేవుల్లో, ఫ్యాక్టరీల్లో, మేస్త్రీ పనుల్లో కూలికి.